చెప్పని ప్రార్థన

సెప్టెంబరు 8, ఆదివారం

వెర్లిన్ దగ్గు తగ్గిందా? తగ్గలేదు. కఫం రంగు మారింది. ఏ రంగని అడిగితే మొగుడన్నాక ఆ మాత్రం మర్యాద ఉండొద్దా అని విసుక్కున్నాడు. డ్వేన్ షుగరు? కన్నకొడుకై ఉండీ వాడు చెప్పడు, వాడి పెళ్ళాం చెప్పదు, అంటే పెరిగే ఉంటుంది. మాక్సీన్ కంటి ఆపరేషను? బాగా కుదిరిందట. ఎదురింటివాళ్ళ చెత్తబుట్టలో ఏముందో కూడా కనిపిస్తోందని తనే చెప్పింది. అర్డిత్ నడుము? మామూలే. మా పాస్టరు బ్రదర్ లోవెల్ గొంతు? మా అందరి ఇళ్ళలో భోజనాలు చల్లారిపోయేదాకా ప్రసంగించాడు, కాబట్టి గొంతుకేం లేదు. పిల్లి చెవి? చీము ఆగింది. మా అమ్మాయి రోండా? బాగున్నానంది. మళ్ళీ అడిగాను. బాగున్నానమ్మా అంది. రెండోసారి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది.

నా గుండెదడ సంగతి రాయడం ఎందుకు, ఎప్పుడూ ఉండేదే.

పెద్ద విశేషం. మా ఊరి కార్మొడీ గారి అబ్బాయి ప్రెస్టన్‌ని ప్రెసిడెంటు సుప్రీం కోర్టు జడ్జిగా ఎంపిక చేశాడు. ఇంకా సెనేట్ ఒప్పుకోవాలట. చర్చి బయట బోర్డు మీద "మన ప్రెస్టన్ కోసం ప్రార్థించండి" అని అక్షరాలు మార్చారు. వాళ్ళ నాన్న ధాన్యం గిడ్డంగిలోనే వెర్లిన్ బతుకంతా గడిచింది. ఇప్పుడు తింటున్న పింఛనూ ఆ ఇంటి ఉప్పే. రోండా కూడా పందొమ్మిదేళ్ళప్పుడు ఒక వేసవి ప్రెస్టన్ దగ్గర టైపు చేసింది, ఆయన జిల్లా ప్రాసిక్యూటరుగా ఉన్నప్పుడు. ఫోన్లో ఆ సంగతి గుర్తుచేశాను. గర్వంగా లేదుటే అన్నాను. ఆలస్యంగా బాగున్నానంది అప్పుడే.

సెప్టెంబరు 11, బుధవారం

చర్చి వంటింట్లో నూడుల్స్ రోజు. పిండి ఒత్తి, కోసి, గుడ్డల మీద ఆరేసి, పొట్లాలు కట్టి అమ్ముతాం. చర్చి పైకప్పు మరమ్మతుకి ఆ డబ్బే ఆధారం. పిండి బల్ల దగ్గర వినపడని వార్త ఈ జిల్లాలో లేదు.

ఎవరో ఒకావిడ మన జడ్జి ప్రెస్టన్ గారి మీద టీవీలో చెప్పిందట. ఆయన దగ్గర గుమాస్తాగా ఉన్నప్పుడు గదిలో తలుపు వేసి ఏదో చేశాడట. వేరే రాష్ట్రం మనిషి. ఇన్నేళ్ళూ నోరు కుట్టుకుని ఇప్పుడు విప్పిందేం అని డోరిస్. జుట్టు చూశావా, దువ్వెన మొహం చూసి ఎన్నాళ్ళయిందో అని అర్డిత్. మాక్సీన్ అయితే, "నన్నెవరూ గదిలో పెట్టి తలుపు వెయ్యలేదమ్మా, వేసుంటే ఆ ఏడు కాస్త కాలక్షేపమయ్యేది" అంది. పిండి చేతులతోనే అందరూ కళ్ళు తుడుచుకున్నారు నవ్వలేక. నేనూ నవ్వాను. చేతిలో కత్తి ఉంది, నవ్వులో వేలు తెగుతుందేమోనని నా భయం నాది.

సెప్టెంబరు 13, శుక్రవారం

రోండా వచ్చింది. పని రోజున, చెప్పకుండా. గంట ప్రయాణం. కారు ఆగిన చప్పుడు వినగానే పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగం పోయిందేమో అనుకున్నాను. లేకపోతే రొమ్ములో గడ్డ. రెండూ కాదు.

తనకీ జరిగిందట. ఆ వేసవి, పాత కేసుల కాగితాలు పెట్టే గదిలో. ఏం జరిగిందో చెప్పింది. నేనది రాయను. వెర్లిన్ లేచి పెరట్లోకి వెళ్ళి, పొద్దున కోసిన గడ్డినే మళ్ళీ కోశాడు.

పెద్ద పత్రికవాళ్ళకి చెప్పిందట. పేరు వెయ్యరట, రెండో స్త్రీ అని మాత్రం రాస్తారట. "మొదటావిణ్ణి ఒంటరిదాన్ని చేసి పీక్కు తింటున్నారమ్మా. నాలాంటిది ఇంకొకత్తె ఉందని తెలిస్తే చాలు. నా పేరు మాత్రం రాకూడదు. ఈ ఊళ్ళో నువ్వూ నాన్నా బతకాలి. ఎవరికీ చెప్పకు. డ్వేన్‌కి కూడా."

నేనెవరికి చెబుతాను అన్నాను.

తర్వాత అంది, "అప్పుడే నీకు చెప్పాను కదమ్మా. ఆ సాయంత్రమే. నువ్విక్కడే నిలబడి టమాటాలు సీసాల్లో పెడుతున్నావు."

"ఎంత కాలమైంది తల్లీ" అన్నాను.

నా వంక చూసింది. చికెన్ నూడుల్స్ వడ్డించాను, కింద బంగాళాదుంప ముద్ద పెట్టి, దాని కిష్టమైనట్టే. తినలేదు. దాని బుగ్గలు పీక్కుపోయాయి. థైరాయిడ్ పరీక్ష చేయించుకోమన్నాను.

సెప్టెంబరు 14, శనివారం

టమాటాలు కాదు. బీన్స్.

సెప్టెంబరు 15, ఆదివారం

మనసు నిలవడం లేదు. బిడ్డ కోసం ఎవరూ ప్రార్థించకపోతే ఎలా? నా ఒక్కదాని ప్రార్థనకి ఎంత బలం? అందుకని మధ్యాహ్నం మాక్సీన్‌కి ఫోన్ చేసి, చర్చి ఆడవాళ్ళ ఫోన్ల గొలుసులో ఒక ప్రార్థన పెట్టమన్నాను. గొలుసుకి పెద్ద తనే. చెప్పని ప్రార్థన అన్నాను. చర్చిలో అది అందరికీ ఉన్న హక్కు. కారణం చెప్పక్కర్లేదు, దేవుడికి తెలుసు. మాక్సీన్ డోరిస్‌కి చేస్తుంది, డోరిస్ నాకు, నేను అర్డిత్‌కి, అలా చివరిదాకా వెళ్ళి, చివరావిడ మళ్ళీ మాక్సీన్‌కి చెబుతుంది, మధ్యలో మాట మారలేదని తేల్చుకోడానికి. నా దగ్గర ఏనాడూ ఒక్క మాట మారలేదు.

సరే రాసుకుంటానంది మాక్సీన్. ఆ తర్వాత, "వెర్లిన్ ఊపిరితిత్తులా?" అంది. కాదన్నాను. కాన్సరని పుకారు పుడితే ఎలా మరి.

"డ్వేన్ తాగుడా?"

కాదన్నాను. వాడు తాగుతున్నాడా? ఎవరన్నారు?

"అయితే రోండాయే."

నేనేమీ అనలేదు.

"జబ్బా?"

కాదన్నాను. ఉన్న బిడ్డకి లేని జబ్బు అంటగట్టకూడదు.

"ఉద్యోగమా?"

"ఇప్పటిది కాదు" అన్నాను.

 లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత మాక్సీన్ ఎంతో మెత్తగా, "బెంగపడకు ఓపల్, దేవుడికి తెలుసు" అంది.

ఎంత నిమ్మళంగా అనిపించిందో. ఒక్క మాట కూడా చెప్పలేదు నేను. చెప్పని ప్రార్థన అంటే చెప్పనిదే.

సెప్టెంబరు 17, మంగళవారం

పెద్ద పత్రికలో వచ్చింది. రెండో స్త్రీ. పేరు లేదు, ఊరు లేదు. మా వీధిలో ఇళ్ళ ముందు ప్రతి గడ్డి మడిలోనూ జడ్జి గారికి మద్దతుగా ఆయన పేరున్న అట్టలు గుచ్చారు. మా మడిలోనూ ఎవరో గుచ్చి వెళ్ళారు. తీసేస్తే ఏమనుకుంటారు? ఉంచాను. గాలికి పడిపోతే వెర్లిన్ లేపి నిలబెట్టాడు. ఎందుకన్నాను. పడి ఉంటే కాలికి తగులుతుందన్నాడు.

సెప్టెంబరు 18, బుధవారం

నూడుల్స్ దగ్గర అందరూ నాతో మరీ మంచిగా ఉన్నారు. అర్డిత్ నా చెయ్యి నిమిరింది. డోరిస్ కుర్చీ తెచ్చి వేసింది. జడ్జి గారి ఊసే ఎవరూ ఎత్తలేదు. నేను చేతులు కడుక్కోడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి నవ్వుతున్నారు, నన్ను చూసి ఆపేశారు. నా ఆరోగ్యం గురించి ఏదైనా విన్నారేమో. డాక్టరు నాకు చెప్పనిది వాళ్ళకెలా తెలుస్తుంది?

సెప్టెంబరు 20, శుక్రవారం

పేరు వచ్చేసింది.

రేడియోలో పొద్దున్నే అరిచే మనిషి చదివాడు. రోండా పేరు, ఊరు, పనిచేసే చోటు, పెళ్ళి పెటాకులైన సంగతి. హైస్కూలు నాటి ఫొటో ఇంటర్నెట్లో పెట్టాడు, పళ్ళకి క్లిప్పులున్నది. కింద జనం రాసినవి డ్వేన్ పెళ్ళాం ఫోన్ చేసి మరీ చదివి వినిపించింది. నాకు తెలియాలిగా అని చదువుతున్నానంది. ఆ మొహానికి తలుపు వెయ్యడం ఎందుకు, దీపం ఆర్పుకుంటే సరిపోదా అని ఒకడు. జడ్జి గారికి కళ్ళజోడు అప్పటినుంచే ఉండాల్సింది అని ఒకడు. రాసినవాళ్ళలో మా వీధివాళ్ళ పేర్లు కూడా ఉన్నాయట. చాలనలేకపోయాను. ఆపితే ఏమనుకుంటుందో.

రోండా ఫోన్ చేసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"ఎవరికి చెప్పావమ్మా?"

"ఎవరికీ చెప్పలేదు."

"పత్రికలో నా పేరు తెలిసినవాళ్ళు ఇద్దరు. వాళ్ళు కాదు. ఇక నువ్వూ నాన్నా."

"నేనొక్క మాట కూడా అనలేదు తల్లీ. బైబిలు మీద ఒట్టు." అది అబద్ధం కాదు. కాదు, కాదు అన్నానంతే. కాదు అనడం చెప్పడం ఎలా అవుతుంది?

ఎవరు చెప్పి ఉంటారు? వెర్లినా? గిడ్డంగి పాత కూలీలంతా పొద్దున కాఫీకి చేరేచోట నోరు జారాడా? అడిగాను. ఆయన నావైపు చాలాసేపు చూసి టీవీ గొంతు పెంచాడు.

సెప్టెంబరు 22, ఆదివారం

ఈవేళ ప్రసంగం తొమ్మిదో ఆజ్ఞ మీద. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకరాదు. బ్రదర్ లోవెల్ మా వైపు చూడనే లేదు. చూడకపోవడానికి మెడ ఎంత నొప్పి పుట్టిందో పాపం. మా బెంచీలో మేమిద్దరమే కూర్చున్నాం, వెనక బెంచీలో జనం ఒకరి మీద ఒకరు ఎక్కి కూర్చున్నారు.

సాయంత్రం డ్వేన్ వచ్చాడు. చొక్కా మీద జడ్జి గారి పేరు. వర్క్‌షాపులో అందరికీ పంచారట, వేసుకోకపోతే ఏమనుకుంటారు అన్నాడు. అది నేననే మాటే.

"చిన్నప్పటినుంచీ దానికి అందరూ దాన్నే చూడాలి. చూశారుగా ఇప్పుడు" అన్నాడు. పై చదువుకి పోయినప్పుడే చెడిందన్నాడు. వాళ్ళ నాన్న తలెత్తలేదు. "నువ్వేం అనవేం నాన్నా?" అంటే, వెర్లిన్ ఉప్పు ఇలా అందుకో అన్నాడు. డ్వేన్ మూడోసారి వడ్డించుకున్నాడు. షుగరున్నవాడు పుడ్డింగు తినకూడదని చెబితే వినలేదు.

సెప్టెంబరు 24, మంగళవారం

డోరిస్ దగ్గర్నుంచి ఫోన్ లేదు. ఆదివారం కూడా లేదు. హాంక్ బేకర్ ఇంటికి అంబులెన్సు వచ్చింది, గొలుసు తప్పకుండా కదిలి ఉంటుంది. మా ఫోన్ పాడైందేమోనని వెర్లిన్‌ని పక్కింటికి పంపి అక్కణ్ణుంచి చేయించాను. మోగింది. బాగానే మోగింది.

సెప్టెంబరు 25, బుధవారం

నూడుల్స్‌కి వెళ్ళాను. ఈ వారం చేతులు ఎక్కువయ్యాయి ఓపల్, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో అంది డోరిస్. బల్ల దగ్గర నా చోటు ఖాళీగానే ఉంది. హాంక్ బేకర్ చచ్చిపోయాడట, నాకు తెలీదు. ఊళ్ళో ఒకడు చచ్చిపోతే నాకు తెలీకపోవడం నేను కాపురానికొచ్చాక ఇదే మొదలు.

రోండా పనిచేసే చోట రోగులు వరసగా రాకుండా మానేస్తున్నారట. దాని చెయ్యి మా నోట్లో పెట్టనివ్వం అన్నారట. డాక్టరు కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నాడు. జీతం లేకుండా.

సెప్టెంబరు 26, గురువారం

పొద్దున రోండా ఫోన్. గొంతు బొంగురుపోయింది. దగ్గు మందు వేసుకోమన్నాను.

"అమ్మా, నేనేమీ అడగదల్చుకోలేదు నిన్ను. కానీ పేరు ఎలాగూ బయటపడింది. సెనేట్‌వాళ్ళు అడుగుతున్నారు, అప్పట్లో ఎవరికైనా చెప్పావా అని. నీకు చెప్పాను. నువ్వొక్క మాట అంటే చాలు. ఆ సాయంత్రం వచ్చి చెప్పిందని. అంతే. ఆయన చేశాడని నువ్వనక్కర్లేదు."

"నన్ను టీవీలో చూపిస్తారా?"

"చూపించరు. కాగితం మీద రాసి సంతకం."

"మీ నాన్న పింఛను..."

"అమ్మా."

ఆలోచించుకుంటానన్నాను. సరే అంది. నాకు పెట్టబుద్ధి కాక పట్టుకునే ఉన్నాను. అదే పెట్టేసింది.

సెప్టెంబరు 27, శుక్రవారం

మాక్సీన్ వచ్చింది. ఇన్నాళ్ళకి. ప్రాణం లేచొచ్చింది. వెంట వాళ్ళ అక్క కొడుకు, జిల్లా పత్రికలో రాస్తాడు, మర్యాదస్తుడు, గుమ్మంలో చెప్పులు తుడుచుకున్నాడు. పెర్సిమన్ పళ్ళు ఇంకా మాగలేదు, కిందటేడు గుజ్జు ఫ్రీజరులో ఉంటే పుడ్డింగు చేసి పెట్టాను. గొలుసు నా దగ్గరికి ఎందుకు రావడం లేదని అడిగాను. నన్ను ఇబ్బంది పెట్టకూడదనట. నా ముందు ఏమని ప్రార్థించాలో వాళ్ళకి తెలియడం లేదట.

"నువ్వెటువైపు ఉన్నావో మాకు తెలియాలి కదా తల్లీ" అంది మాక్సీన్. చెంచా నాకుతూనే అంది.

ఆ అబ్బాయి ఎక్కువ అడగనన్నాడు. అవునో కాదో చెబితే చాలన్నాడు. రోండా ఆ రోజుల్లో మీకేమైనా చెప్పిందా?

కుళాయి కారుతోంది. వెర్లిన్ ఎన్నాళ్ళనుంచో బాగుచేస్తానంటున్నాడు.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

"చెప్పలేదని రాయమంటారా?"

"గుర్తు లేదని రాయి నాయనా. అబద్ధం రాయొద్దు."

మాక్సీన్ నన్ను కావిలించుకుంది. ఆవిడ ఒంటి పౌడరు వాసన ఎంత హాయిగా ఉందో.

సాయంత్రం ఫోన్ మోగింది. డోరిస్. గొలుసు. రాసుకుందామంటే కళ్ళజోడు దొరకలేదు, ఎలాగో విని గుర్తుపెట్టుకున్నాను. డోరిస్ గడగడా చదివింది: "ప్రభువు ప్రెస్టన్‌కీ ఆయన కుటుంబానికీ బలమివ్వాలని. ఆయన మీద అబద్ధాలాడే ఆడవాళ్ళ నాలుకలు అంగిట అంటుకుపోవాలని."

"అంతేనా?" అన్నాను.

"అంతే. మళ్ళీ చదవనా?"

అక్కర్లేదన్నాను. అర్డిత్‌కి ఫోన్ చేశాను. ఒక్క మాట మారకుండా చెప్పాను. నాలుకలు అన్నచోట ఆవిడకి సరిగా వినపడలేదు, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

గొలుసు నా దగ్గర తెగకూడదు కదా.

సెప్టెంబరు 30, సోమవారం

జిల్లా పత్రికలో పెద్దక్షరాలు. కన్నతల్లికే గుర్తు లేదు.

నేను అటూ ఇటూ కాకుండా గుర్తు లేదన్నాను, కన్నతల్లికే అనలేదు.

అక్టోబరు 2, బుధవారం

టీవీలో విచారణ. చర్చి హాలులో పెద్ద తెర కట్టారు, నూడుల్స్ ఒత్తుతూనే చూశాం. నా చోటు నాకిచ్చారు. ఎర్ర టై కట్టుకున్న సెనేటరు ఒకాయన ఆ పత్రిక పైకెత్తి చూపించాడు. "ఆమె కన్నతల్లి, దైవభక్తి గల పేద స్త్రీ, తన కూతురి మాట తనే సమర్థించలేకపోయింది" అన్నాడు. హాలంతా చప్పట్లు. పిండి చేతులు కదా, గాల్లో తెల్లగా లేచింది. డోరిస్ నా వీపు తట్టింది. టీవీలో నీ గురించే ఓపల్ అంది.

పేద స్త్రీ అన్నాడు. మాకు ఇల్లుంది.

దగ్గొచ్చింది. పిండి గొంతులో పడింది. నీళ్ళు తాగి వచ్చాను.

అక్టోబరు 4, శుక్రవారం

వెర్లిన్ పొద్దున కాఫీకి చేరేచోటికి వెళ్ళకుండా వంటింట్లో కూర్చున్నాడు. నేను గిన్నెలు తోముతున్నాను.

"బీన్స్" అన్నాడు.

ఏమిటన్నాను.

"ఆ రోజు నువ్వు సీసాల్లో పెట్టింది. అది చెబుతుంటే నీ చేతిలో సీసా పగిలింది. నేనా తలుపు దగ్గర ఉన్నాను."

గిన్నె కిందపెట్టాను. "నీకంత గుర్తుంటే నువ్వే చెప్పరాదూ?"

"నన్నెవరూ అడగలేదు" అన్నాడు. లేచి టోపీ పెట్టుకుని కాఫీకి వెళ్ళాడు.

అక్టోబరు 6, ఆదివారం

నిన్న సెనేట్‌లో ఓటింగు. గెలిచాడు. రెండు ఓట్ల తేడాతో.

ట్రక్కులు హారన్లు మోగించుకుంటూ ఊరంతా తిరిగాయి. మా ఇంటి ముందు ఆగి మరీ మోగించాయి, అది మెచ్చుకోలో ఎగతాళో తెలియలేదు. చెయ్యి ఊపాను, రెంటికీ పనికొస్తుందని. ఒక ట్రక్కు వెనక రోండా ఫొటో పెద్దది కట్టారు, క్లిప్పుల పళ్ళది, నోటి మీద టేపు అంటించి. నడుపుతున్నది డ్వేన్ వర్క్‌షాపు కుర్రాడు. పక్కన కూర్చున్నది ఎవరో కనపడలేదు. చూడలేదు నేను.

అక్టోబరు 9, బుధవారం

రోండా ఫోన్ తియ్యడం లేదు. తింటున్నావా అని సందేశం పెట్టాను. దాని గారేజి తలుపు మీద ఎర్ర రంగుతో ఏదో రాశారట. ఏం రాశారో మాక్సీన్ చెప్పింది. స్పెల్లింగు కూడా తప్పేనట, దానికి నవ్వింది.

అక్టోబరు 13, ఆదివారం

తియ్యలేదు. ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నావా, చలి మొదలైంది అని సందేశం.

అక్టోబరు 14, సోమవారం

తియ్యలేదు.

అక్టోబరు 20, ఆదివారం

బ్రదర్ లోవెల్ మా ఇంటికొచ్చాడు, భోజనమయ్యాక. ఆయన రావడమంటే మాటలా. పెర్సిమన్ పళ్ళు రాలుతున్నాయి, కందిరీగలు ముసురుతున్నాయి, పెరట్లో కూర్చోబెడితే కుడతాయని లోపలే కూర్చోబెట్టాను.

జడ్జి గారు వస్తున్నారు. మన చర్చికి, కృతజ్ఞత చెప్పుకోడానికి. ఆరాధన అయ్యాక పెద్ద విందు. మేమంతా ఆయన్ని వరసలో కలవాలి. నన్ను ఆయన పక్కన నిలబడమన్నాడు. ఎడమ పక్క. కుడి పక్క వాళ్ళావిడ. ఫొటోలు తీస్తారట, దేశమంతా చూస్తుందట, చీలిన జనం మళ్ళీ కలవడమంటే ఏమిటో మన చిన్న ఊరు చూపిస్తుందట.

"నేనేం చెయ్యాలి బ్రదర్?"

"ఏం చెయ్యక్కర్లేదు సిస్టర్ ఓపల్. చెయ్యి కలిపితే చాలు. ఆయనకి మీ మీద ఏ కోపమూ లేదు. క్షమించానని తనే చెప్పారు."

"నన్నా?"

"మీ ఇంటిని."

వెర్లిన్ గోడకేసి చూస్తున్నాడు. బ్రదర్ లోవెల్ ఆయనతో కూడా అన్నాడు, కార్మొడీల గిడ్డంగి పాత పనివాళ్ళందరికీ ముందు బల్ల వేస్తున్నామని. వెర్లిన్ సరేనన్నాడు. మందులు వేసుకునే టైముకి భోజనం పెడతారా అని మాత్రం అడిగాడు.

నేను ఆలోచించుకుంటానన్నాను. బ్రదర్ లోవెల్ గుమ్మం దాకా వెళ్ళి, మాక్సీన్ ముసలిదైంది, గొలుసుకి వచ్చే ఏడు కొత్త పెద్ద కావాలి, నమ్మకస్తురాలు కావాలి అన్నాడు. నా వైపు చూసి అన్నాడు.

గొలుసుకి పెద్ద. మొదటి ఫోన్ నాకే వస్తుంది. ఊళ్ళో ఎవరు చచ్చిపోయినా ముందు నాకే తెలుస్తుంది.

ఒప్పుకున్నాను. ఎలాగూ వద్దంటే ఏమనుకుంటారు. అదీగాక, పక్కన నిలబడితే రోండా గురించి ఆయనకి రెండు మంచి మాటలు చెవిలో వెయ్యొచ్చు. పిల్ల చెడ్డది కాదు, ఒంట్లో బాగుండదు అని. గారేజి తలుపుకి రంగు వేయించమని ఆయనే ఎవరితోనైనా చెప్పొచ్చు.

అక్టోబరు 24, గురువారం

పన్నెండు పుడ్డింగులు నావి. నీలం గౌను బిగుతైంది. గుండె దడ ఎక్కువగా ఉంది. ఆయన ముందు పడిపోతానేమో. పడితే ఆయన పట్టుకుంటాడా?

అక్టోబరు 27, ఆదివారం

రోండా ఫోన్ తీసింది.

నేనేదో మామూలుగా చేశాను, తియ్యదనుకునే చేశాను, తీసేసరికి ఏం మాట్లాడాలో తోచలేదు. తింటున్నావా అన్నాను. తింటున్నానంది. నిద్ర? పడుతోందంది. ఆ బొంగురు? తగ్గిందంది. గొంతు నిజంగానే బాగైంది, గట్టిగా, కోర్టులో మాట్లాడినట్టుంది. ఇల్లు అమ్మకానికి పెట్టిందట. ఎక్కడికి పోతావే అంటే, ఇంకా అనుకోలేదంది.

పత్రికలో చదివిందట. నేను ఆయన పక్కన నిలబడతానని ముందే రాసేశారు.

"నిజమేనా అమ్మా?"

"చెయ్యి కలపడమే తల్లీ. ఎంతసేపు. అందరూ మర్చిపోతే నీకే మంచిది కదా. నీ మంచికేనే. ఆ తలుపు మీద రాతలవీ ఆగిపోతాయి."

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. అరవలేదు. వెళ్ళొద్దని కూడా అనలేదు. ఎవరెవరు వస్తారని అడిగింది. అందరూ అన్నాను. టీవీవాళ్ళు? వస్తారన్నాను. నాన్న? ముందు బల్ల దగ్గరన్నాను. వరసలో ఎవరైనా నిలబడొచ్చా? ఎవరైనా నిలబడొచ్చు, చర్చి కదా అన్నాను. 

"అయితే నేనూ వస్తాను" అంది. "వరసలో నిలబడతాను. నా వంతు వచ్చాక ఆయన్ని ఏమీ అడగను. నిన్నే అడుగుతాను. అందరి ముందూ, ఆ రోజు నేనేం చెప్పానో గుర్తుందా అని. అప్పుడు చెప్పు గుర్తు లేదని. నా మొహం చూసి చెప్పు."

"నువ్వు రావద్దే" అన్నాను. "చలి. రోడ్లు మంచు పట్టి ఉంటాయి. ఒంటరిగా బండి నడుపుకుంటూ..."

"ఎన్నో తారీకు?"

చెప్పకూడదనుకున్నాను. కానీ పత్రికలో ఎలాగూ ఉంది. చెప్పకపోయినా చూసుకుంటుంది. నేను చెప్పడం ఒక చెప్పడమా.

వెర్లిన్‌కి చెప్పలేదు. బ్రదర్ లోవెల్‌కి ఫోన్ చేద్దామని తీసి మళ్ళీ పెట్టేశాను. మంచు బాగా పడితే రాలేదు. కారు పాతది, బాటరీ బలం లేదు. జడ్జి గారికే ఏదైనా పని పడొచ్చు, పెద్దవాళ్ళకి వంద పనులు. నాకే జ్వరం రావొచ్చు, నిన్నటినుంచీ ఒళ్ళు వెచ్చగా ఉంది. రోండా తారీకు నా చేత రెండుసార్లు చెప్పించుకుంది, రాసుకున్నట్టుంది, పెన్ను చప్పుడు వినపడింది.

రెండోసారీ అదే చెప్పాను: నవంబరు 10, ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి.